సబ్బు తగలకూడని గిన్నెలు

మా అత్తగారు మడి కట్టుకుంటే ఇంట్లో పిల్లి కూడా పక్కకి తప్పుకునేది. అంతటి మడి మళ్ళీ ఈ జన్మలో చూడనని అనుకున్నాను. అమెరికా వచ్చి మా కోడలి గాజు గిన్నెల దగ్గర చూశాను.

అవి అరచేతిలో పట్టేంత చిన్న గిన్నెలు. వాటికి సబ్బు తగలకూడదు. సబ్బు తగిలిన స్పాంజి తగలకూడదు. సబ్బుతో కడుక్కున్న చెయ్యి లోపలి అంచుకి తగలకూడదు. వేడినీళ్ళతో కడిగి, మరిగించి చల్లార్చిన ఆవిరినీళ్ళతో తొలిచి, కాగితం మీద బోర్లించి పెట్టేది. నేనొకసారి నవ్వి, "అమ్మాయ్, మా అత్తగారు బతికుంటే నిన్ను చూసి మెచ్చుకునేవారు," అన్నాను.

"సబ్బు ఎంత కడిగినా ఒక పొర మిగిలిపోతుంది అత్తయ్యా. మన కంటికి కనపడదు. గుడ్డుకి తెలుస్తుంది. ఇంక అది సరిగ్గా ఎదగదు," అంది.

మా కోడలి పని గుడ్లతో. కోడిగుడ్లు కావు, సముద్రపు జీవాల గుడ్లు. సాండ్ డాలర్ అంటారు ఆ జీవాన్ని. డబ్బుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. గారె అణిచినట్టు బల్లపరుపుగా, పైన అయిదు రేకుల ముగ్గు వేసినట్టు ఉంటుంది. ఒళ్ళంతా నూగులాంటి ముళ్ళు. చల్లటి ఉప్పునీళ్ళ అడుగున ఇసుకలో పడి ఉంటుంది. దానికి సూదిమందు ఒక చుక్క వేస్తే గుడ్లు వదిలేస్తుంది. ఒక్కో గుడ్డూ బొంబాయి రవ్వ నలుసంత కూడా ఉండదు.

మామూలుగా మేముండేది ఎడిసన్‌లో. మా అబ్బాయి జెర్సీ సిటీలో ఉద్యోగం చేసేవాడు. కోడలు యూనివర్సిటీలో పనిచేసేది. వేసవి వచ్చిందంటే వాళ్ళ ల్యాబు మొత్తం ఉత్తరాన సముద్రం ఒడ్డుకి తరలిపోయేది, అక్కడ గొట్టాల్లో సముద్రపు నీళ్ళే వస్తాయి కాబట్టి. కోడలూ, నేనూ, చంకలో మనవరాలూ వెళ్ళి ఒక చిన్న అద్దె ఇంట్లో దిగేవాళ్ళం. శుక్రవారం సాయంత్రం అబ్బాయి కార్లో వచ్చేవాడు. ఆ ఇంటి ఫ్రిజ్‌లో ఒక అర ఇడ్లీపిండిది, ఒక అర సముద్రపు నీళ్ళది. మంచినీళ్ళనుకుని అబ్బాయి ఒకసారి సముద్రపు నీళ్ళు గటగటా తాగి మొహం అష్టవంకర్లు తిప్పాడు. కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. అంత నవ్వేది అప్పుడు.

ఒకరోజు నన్ను ల్యాబుకి తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది.

"కదలకుండా చూడండి. ఏదైనా మారితే చెప్పండి."

"ఏముందే, ఉడికిన సగ్గుబియ్యం గింజలా ఉంది."

"లోపల?"

చూడగా చూడగా కనిపించాయి. గింజలో అటొకటి ఇటొకటి రెండు చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ సన్నటి గీతలు, చిన్నపిల్ల సూర్యుణ్ణి గీసినట్టు. కాసేపటికి గింజ నడుము సన్నబడింది. చూస్తుండగానే పైటంచు కుట్టులో దారం లాగినట్టు, సంచి మూతికి తాడు బిగించినట్టు బిగుసుకుపోయి, ఒకటి కాస్తా రెండయింది.

"నడుము పడిందే అమ్మాయ్!"

"అదే మా పని. నడుము సరిగ్గా ఎక్కడ పడాలో, ఎప్పుడు పడాలో ఆ గుడ్డుకి ఎవరు చెప్పారంటారు?"

"ఆ భగవంతుడు."

"సరే, భగవంతుడే. ఎవరిచేత చెప్పి పంపించాడు?"

"అదీ నువ్వే చెప్పు," అన్నాను. అప్పుడు చెప్పింది. గుడ్డు మధ్యలో తల్లిదండ్రులిచ్చిన ఆస్తి వాటాలవుతూ ఉంటుందట. మనమేమనుకుంటాం, వాటాలు పంచుకునేవాళ్ళే గోడ కట్టుకుంటారని. కాదట. గోడ ఎక్కడ లేవాలో చెప్పేది చెరో కొసన కూర్చున్న ఆ రెండు చుక్కలు. రెండూ గీతలు చాపుతాయి. గీతలు పాకి పాకి చర్మం దాకా పోతాయి. ఇటువి అటువి కలిసేచోట చర్మానికి కబురు అందుతుంది. అక్కడ తాడు బిగుస్తుంది.

"అంటే పెద్దమనుషులన్నమాట," అన్నాను. "చెరో అరుగు మీద కూర్చుని చేతులు చాపి, ఇక్కడ కట్టండర్రా అనేవాళ్ళు."

"అబ్బ, ఇంత బాగా మా ప్రొఫెసర్ అంకుల్ కూడా చెప్పలేదు," అని నా భుజం మీద తల ఆనించింది.

ఆ తరవాత తను చేసేది చూపించింది. వెంట్రుక కన్నా సన్నటి గాజు గొట్టంతో గుడ్డుని పొడిచి, ఆ చుక్కల్ని గీతలతో సహా పీల్చేస్తుంది. కబురు అందకముందు పీల్చేస్తే గుడ్డు ఎప్పటికీ రెండవదు, అలాగే ఉండిపోతుంది. కబురు అందాక పీల్చేస్తే లాభం లేదు. చెప్పినవాళ్ళు లోపల లేకపోయినా నడుము పడిపోతుంది. ఇంతవరకూ పాతవాళ్ళకి తెలిసిందేనట. కోడలు కనిపెట్టింది దాని తరవాత సంగతి. కబురు అందినచోట నడుము పడకముందే చర్మం కింద సన్నటి వెలుగుపట్టీ ఒకటి కనపడేలా రంగు వేసింది. చుక్కల్ని పక్కకి జరిపితే పట్టీ కూడా జరుగుతుంది. ఒక గడియ దాటాక జరిపితే మాత్రం జరగదు, పాతచోటే గుడ్డు తెగుతుంది. ఆ గడియ ఏదో, దాన్ని ఎలా గుర్తుపట్టాలో మా కోడలు పట్టుకుంది. దానికోసం రెండు వేసవులు చూపు ఆనించి ఆనించి కళ్ళకింద నల్లచారలు తెచ్చుకుంది.

ఇక ఆ ప్రొఫెసర్‌గారి సంగతి. కోడలికి పైఅధికారి ఆయనే. మన తెనాలి వైపు మనిషి. ఎప్పుడో కుర్రతనంలో వచ్చి ఇక్కడే తల నెరిపించుకున్నారు. భార్య పోయారు. ఒక్కతే కూతురు, ఇక్కడే పుట్టింది, ఇంకో యూనివర్సిటీలో తండ్రి దారిలోనే పనిచేస్తోంది. మొదటిసారి మా అద్దె ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు పప్పుచారు వాసనకి గుమ్మంలోనే ఆగిపోయి కళ్ళు మూసుకున్నారు.

"చెల్లెమ్మా, ఈ వాసన ముక్కుకి తగిలి ఎన్నాళ్ళయిందో!"

చెల్లెమ్మా అన్నాక నేను అన్నయ్యగారూ అనకుండా ఎలా ఉంటాను? ఆ పూట నుంచి సాయంత్రం అయితే ఆయన కారు మా ఇంటిముందు ఆగేది. కోడలు ల్యాబులోనూ ఇంట్లోనూ అంకుల్ అనే పిలిచేది. ఆయన ‘తల్లీ’ అనేవారు. మనవరాలు ‘తాతా’ అని మీదెక్కేది. ఇక్కడ మనవాళ్ళం అంతే కదా. రక్తసంబంధాలన్నీ సముద్రానికి అవతల పెట్టి వచ్చి, కనపడిన ప్రతి పెద్దమనిషినీ అంకుల్ చేసేసుకుంటాం.

ఆ ల్యాబులో ఒక అమెరికా పిల్ల ఉండేది. తను కోడలితో ముందే చెప్పిందట, "ఈ పరిశోధన అచ్చయ్యే పేపర్లో ఎవరి పేరు ముందుండాలో ఇప్పుడే మెయిల్‌లో అడిగి రాయించుకో," అని. కోడలు ఆ శుక్రవారం అబ్బాయిని సలహా అడిగింది.

"ఛ, బాగుండదు," అన్నాడు వాడు. "రోజూ మనింట్లో అన్నం తినే మనిషిని అగ్రిమెంట్ అడుగుతామా?"

"నేనూ అదే అనుకున్నా. అంకుల్ ఏమనుకుంటారో."

"ఆయన నిన్ను కూతురిలా చూసుకుంటున్నారు. డౌటెందుకు?"

అమెరికా పిల్ల ఆయన్ని పేరు పెట్టి పిలిచేది, తనకి కావలసినవన్నీ మొదటివారమే రాయించుకుంది. మావాళ్ళు మర్యాద చూసుకున్నారు.

రెండో వేసవిలో ఆయన కూతురు కూడా అక్కడికొచ్చింది. ఉద్యోగం స్థిరమవ్వాలంటే పెద్ద పేపరొకటి కావాలట, తన పని ఎటూ సాగక తండ్రి దగ్గర కొత్తది నేర్చుకోవడానికి వచ్చింది. మంచి పిల్లే, ఆ మాట అనకపోతే నా నోరు పడిపోతుంది. వస్తూనే వంటింట్లోకి వచ్చింది.

"ఆంటీ, నేను హెల్ప్ చేస్తా? నాకు బెండకాయ కట్ చేయడం వచ్చు."

"వస్తుందా? ఏదీ చూపించు."

వేలు కోసుకుంది. పసుపు అద్దాను. "ఇట్స్ ఓకే ఆంటీ, నేను తినడం బాగా చేస్తా," అని నవ్వింది.

ల్యాబులోనూ అంతే. గాజుసూది పడితే గుడ్డు పగిలేది. కోడలు పక్కన కూర్చుని, చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పింది. అక్కా అక్కా అంటూ తన రంగు కలిపే పద్ధతి చెప్పింది, పట్టీ కదిలే గడియ గుర్తుపట్టడం చెప్పింది, గిన్నెల మడి చెప్పింది. "పాపం అత్తయ్యా, అక్కకి చాలా టెన్షన్‌గా ఉంది," అనేది. సాయంత్రాలు నలుగురికీ కలిపి ఒకే బల్ల మీద వడ్డించేదాన్ని. అన్నయ్యగారు ఆ బల్ల చివర కూర్చుని ఇద్దరమ్మాయిలనీ మార్చి మార్చి చూస్తూ, "నాకు ఇద్దరు కూతుళ్ళు చెల్లెమ్మా," అనేవారు. నాకు కడుపు నిండేది.

ఆకులు రాలే రోజుల్లో ఎడిసన్ తిరిగొచ్చాం. ఒక శనివారం పొద్దున కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని కాఫీ చల్లారిపోయినా కదలకుండా ఉంది. అబ్బాయి వెనక నుంచి చూశాడు. ఆయన రాసి పంపిన పేపరు అది. పైన పేర్లు మూడు. మొదట ఆయన కూతురిది. చివర ఆయనది. నడుమ మా కోడలిది.

నాకు వాళ్ళ పద్ధతి కోడలే చెప్పింది. మొదటి పేరుంటే పని చేసింది వాళ్ళని. చివరి పేరుంటే ల్యాబు వాళ్ళదని. నడుమ పేరంటే పెళ్ళిలో మంచినీళ్ళు అందించినవాళ్ళ కింద లెక్క.

"మరీ ఇలా చేస్తారా? పొరపాటయి ఉంటుంది," అన్నాడు అబ్బాయి.

"ఆయన కామా కూడా పొరపాటున పెట్టరు," అంది కోడలు.

ఆ శీతాకాలంలోనే తను సొంత ల్యాబు ఉద్యోగాలకి అప్లై చేసుకోవాలి. ఆ ఒక్క పేపరు చూపించి అడగాలి. పెళ్ళికి ముందు నుంచీ తను కన్న కల అదొక్కటే. తన పేరు రాసి ఉన్న తలుపు, లోపల తన గిన్నెలు, తన నీళ్ళు.

మర్నాడు ఆదివారం. ఆయన ఎప్పటిలాగే భోజనానికి వచ్చారు. ముందే పిలిచి ఉన్నాను, గోంగూర చేశాను. కోడలు ఆయన తినేదాకా ఆగుదామనుకుంది గానీ రెండో వడ్డన దగ్గరే నోరు తెరిచింది.

"అంకుల్, పేపర్ చూశాను."

"చూశావా తల్లీ? బాగా కుదిరింది. నీ బొమ్మలు అద్భుతం."

"బొమ్మలు నావి. రంగు నాది. పద్ధతి నాది. పేరు?"

ఆయన అన్నం కలపడం ఆపలేదు.

"అక్కకి ఈ ఏడాది గండం తల్లీ. టెన్యూర్ రాక ఉద్యోగం స్థిరపడకపోతే బయటికి పంపేస్తారు. ఆ వయసులో మళ్ళీ ఎక్కడ మొదలెడుతుంది? నువ్వు చిన్నదానివి. ఇలాంటివి ఇంకో పది రాస్తావు."

"నాకు వచ్చే నెల నుంచి ఇంటర్వ్యూలు. మొదటి పేరు లేకపోతే నా అప్లికేషన్ తెరిచి కూడా చూడరు. మీకు తెలియనిదా?"

"తెలుసు. అందుకే నీ రికమెండేషన్‌లో పని అంతా నువ్వే చేశావని రాస్తాను."

"అంతా నేనే చేశానని ఉత్తరంలో రాస్తారు. పేపర్లో మాత్రం రాయరు."

అబ్బాయి, "అంకుల్, పోనీ ఇద్దరి పేర్లూ సమానంగా..." అని ఏదో నసిగాడు.

"అదీ దానికి పనికిరాదు బాబూ," అన్నారు ఆయన. తరవాత కోడలి వైపు తిరిగి గొంతు మెత్తగా చేసుకున్నారు. "మనలో మనకి ముందేమిటి, వెనకేమిటి తల్లీ? ఇంట్లో అక్కకి అవసరమొస్తే చెల్లెలు సర్దుకోదా? నేను నిన్ను ఏనాడైనా వేరుగా చూశానా?"

కోడలు తల వంచుకుంది. ఆ ప్రశ్నకి అదేం చెబుతుంది? వేరుగా చూశారంటే ఇన్నాళ్ళు తిన్న అన్నం అబద్ధం, చూడలేదంటే ఈ పేపరు న్యాయం. నేను పెరుగు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"చూడలేదన్నయ్యగారూ," అన్నాను. "వేరుగా చూసుంటే బాగుండేది. పరాయిపిల్లకయితే లెక్కప్రకారం ఇచ్చేవారు. మనపిల్ల కాబట్టే కదా తీసుకున్నారు."

ఆయన నా వైపు చూశారు. ఏం అంటారోనని చూశాను. కంచంలో మిగిలిన గోంగూర అన్నం ముద్ద చేసి తిన్నారు. "మజ్జిగ చాలు చెల్లెమ్మా," అన్నారు. పోశాను. లేచి చెయ్యి కడుక్కున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరిగి, ముందువారం నేను ఇస్తానన్న గోంగూర పచ్చడి సీసా కోసం చూశారు. అదీ ఇచ్చాను. ఇవ్వకుండా ఉండటం నా చేతికి రాదు. ఆయన కారు మలుపు తిరిగాక మాత్రం, ఆ పచ్చడి దంచిన చెయ్యి మీద నాకే కోపం వచ్చింది.

కూతురు ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "ఆంటీ, నేను అడగలేదు. డాడీ పెట్టేశారు. నేను చెప్తా డాడీకి, నేమ్స్ చేంజ్ చేయమని."

"చెప్పమ్మా. త్వరగా చెప్పు," అన్నాను.

చెప్పిందో లేదో నాకు తెలియదు. చెప్పాలనే అనుకుని ఉంటుంది. పేపరు అచ్చయింది. పేర్లు అలాగే ఉన్నాయి. ఆ పిల్ల ఉద్యోగం స్థిరమయింది. ఆ శుభవార్త మాకు ఆయనే ఫోన్లో చెప్పారు, సంతోషం పట్టలేక. ఎవరికి చెబుతున్నారో మరిచిపోయి ఉంటారు.

మా కోడల్ని రెండుచోట్ల మాత్రం ఇంటర్వ్యూకి పిలిచారు. రెండుచోట్లా అడిగారట, ఈ పేపర్లో మీరు చేసినదేమిటి అని. "అంతా," అందట. వాళ్ళు మర్యాదగా నవ్వారట. అంతా చేసినవాళ్ళ పేరు నడుమ ఎందుకుంటుంది మరి? ఆ రెండు ఉద్యోగాలూ రాలేదు, కోడలు ఆయన ల్యాబు కూడా మానేసింది.

ఏడాది గడిచాక ఆయనకి పశ్చాత్తాపమో, ఒంటరితనమో, ఎడిసన్ ఇంటికి వచ్చారు. రిటైర్ అవుతున్నానన్నారు. "కొత్త పేపర్లో నా పేరే తీసేస్తాను తల్లీ. నీదొక్కటే ఉంచుతాను. మళ్ళీ రా," అన్నారు.

కోడలు కాఫీ ఇచ్చింది. "వద్దు సర్," అంది.

ఆయన కప్పు తాగకుండానే సాసరులో పెట్టేశారు. అన్నేళ్ళ ‘అంకుల్’ అన్న పిలుపు ఆ గుమ్మం బయటే ఆగిపోయింది. నాకు ఆ సగ్గుబియ్యం గింజ గుర్తొచ్చింది. ఇప్పుడు తనంతట తను తప్పుకుంటానంటున్నాడు, పిచ్చి మనిషి. చేతులు చాపాల్సినంత చాపి, గోడ ఎక్కడ లేవాలో చెప్పేశాక.

ఇప్పుడు మేము ఊరు మారి ఆష్‌బర్న్‌లో ఉంటున్నాం. అబ్బాయికి ఇక్కడ మంచి ఉద్యోగం వచ్చింది, కోడలికీ వచ్చింది, ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంటికి అవతల కిటికీలు లేని పెద్ద పెద్ద డేటా సెంటర్లు, కంప్యూటర్ల గోదాములు, పగలూ రాత్రీ ఒకటే హోరు పెడుతుంటాయి. మొదట్లో అది వింటే సముద్రమేమో అనిపించేది నాకు. కోడలితో ఆ మాట అనలేదు.

ఇల్లు మారిన కొత్తలో, పొద్దున్నే పెట్టెలు విప్పుతుంటే పాత న్యూస్‌పేపర్లలో చుట్టిన గాజు గిన్నెలు బయటపడ్డాయి. ఒక్కటీ పగల్లేదు. కోడలు వాటిని సింకులో పెట్టింది. నేను వేడినీళ్ళకి కెటిల్ అందుకోబోయాను. ఈలోగా అది అంట్లసబ్బు సీసా తీసి గిన్నెల మీద ధారగా పోసింది.

"అమ్మాయ్! సబ్బే అది!"

"తెలుసత్తయ్యా."

ఆకుపచ్చ పీచు తీసుకుని తోమింది. లోపలా బయటా, అంచుల వెంబడి, నురగ మోచేతుల దాకా వచ్చేలా తోమింది. ఒక్కోటీ కడిగి, బోర్లించకుండా, వెల్లకిలా నా ముందు పెట్టింది.

"పెరుగు తోడు పెట్టుకోండి వీటిలో. మీ స్టీలు గిన్నె చిన్నదైపోయింది కదా."

 నేను గిన్నెలు అందుకుని పొడిగుడ్డతో తుడిచాను. ఆ సాయంత్రమే పాలు కాచి తోడు వేశాను.

గాజులో పెరుగు గట్టిగా తోడుకుంటుంది, గరిటె పెడితే ముక్కలా లేస్తుంది. మనవరాలు గిన్నె గిన్నంతా తినేస్తుంది. అబ్బాయి రెండుసార్లు వేసుకుంటాడు. కోడలి ముందుకి జరిపితే, "ఇవాళ మజ్జిగ చాలత్తయ్యా," అంటుంది. రోజూ అదే మాట.